గొంతు ఒకరిది, గుర్తు మరొకరిది: తెలుగునాట వాణిజ్యవాచికం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వాణిజ్యప్రకటనకు గొంతునిచ్చే పని నేడు ‘వాయిస్ ఓవర్’ అనే పేరుతో ఒక వృత్తిగా స్థిరపడింది. ఒక సంస్థను వినికిడిద్వారానే వినియోగదారుడు గుర్తుపట్టేట్లు చేసే ప్రయత్నాన్ని ‘ఆడియో బ్రాండింగ్’ అంటున్నారు. ఈ రెండింటికీ తెలుగునాట ఉన్న పూర్వరంగాన్ని చాటింపు, అంగడికేక, గ్రామఫోను, ఆకాశవాణి, వ్యాపారప్రసారం, అనువాదచిత్రం అనే దశల్లో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రతి దశలోనూ మాట, గొంతు, పేరు అనే మూడింటి మధ్య సంబంధం ఎలా మారిందన్నది ఇందులో ప్రధానప్రశ్న. గొంతును సంస్థకు గుర్తుగా మార్చే క్రమంలోనే గొంతుగలవారి పేరు మరుగునపడిందని, ఆ అనామకత్వమే నేటి చట్టంలోనూ, కృత్రిమగళాల కాలంలోనూ వారి హక్కుకు అవరోధంగా నిలుస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాచికం, చాటింపు, ఆకాశవాణి, గాత్రదానం, వాయిస్ ఓవర్, ధ్వనిచిహ్నం, ప్రదర్శకుల హక్కులు.

1. ఉపోద్ఘాతం

రైల్వేస్టేషనులో బండి రాకను తెలిపే గొంతును మనం కొన్ని వందలసార్లు విని ఉంటాం. అవతలివారి ఫోను అందుబాటులో లేదని చెప్పే గొంతు, పాత ఇనుపసామాను కొంటామంటూ ఆటోకు కట్టిన స్పీకరులోంచి వచ్చే గొంతు, సబ్బుకో టీపొడికో ప్రచారం చేసే గొంతు కూడా అంతే పరిచితమైనవి. కళ్లు మూసుకొని విన్నా వాటిని గుర్తుపడతాం. అవి ఎవరివని అడిగితే మాత్రం సమాధానం చెప్పలేం. గొంతు అతిపరిచితం, గొంతుగల మనిషి అపరిచితం. ఈ వైరుధ్యమే ఈ పరిశీలనకు ప్రేరణ.

తెలుగులో లిఖితసాహిత్యానికి విస్తృతమైన చరిత్ర ఉంది. పాడిన, చెప్పిన సాహిత్యాన్ని జానపదవిజ్ఞానం అధ్యయనం చేసింది. అయితే జీతానికో కూలికో ఇతరుల మాటను పలికినవారి వాచికానికి అటు సాహిత్యచరిత్రలో గాని, ఇటు జానపద అధ్యయనంలో గాని తగినంత చోటు దక్కలేదు. రాసినవారిని రచయితగా, పాడినవారిని గాయకుడిగా గుర్తించిన సమాజం, పలికినవారిని ఏమని పిలవాలో నేటికీ తేల్చుకోలేదు.

ఈ వ్యాసంలో వాణిజ్యావసరం కోసం పలికే మాటను ‘వాణిజ్యవాచికం’ అని, ఒక సంస్థకు గుర్తుగా నిలిచే శబ్దాన్ని ‘ధ్వనిచిహ్నం’ అని వ్యవహరిస్తున్నాను. ప్రతి దశలోనూ మూడు ప్రశ్నలు వేసుకున్నాను. పలికిన మాట ఎవరిది? పలికిన గొంతు ఎవరిది? వినేవారికి తెలిసే పేరు ఎవరిది?

2. వాచికం: శాస్త్రపరిభాష

గొంతుతో చేసే పనిని వర్ణించడానికి కొత్త పరిభాష కోసం వెదకవలసిన అవసరం లేదు. భరతుడు నాట్యశాస్త్రంలో ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగువిధాలుగా చెప్పాడు. వాచికంలో భాగమైన పాఠ్యానికి సప్తస్వరాలు, మూడు స్థానాలు, నాలుగు వర్ణాలు, రెండు కాకువులు, ఆరు అలంకారాలు, ఆరు అంగాలు పేర్కొన్నాడు. ఉరస్సు, కంఠం, శిరస్సు అనేవి మూడు స్థానాలు. ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అనేవి ఆరు అలంకారాలు.

వీటిలో రెండు అలంకారాలు ప్రస్తుతాంశానికి ముఖ్యమైనవి. ఉచ్చం శిరస్థానంలో పుట్టే పైస్థాయి పలుకు. దూరంగా ఉన్నవారితో మాట్లాడటానికి, వారిని పిలవడానికి ఉపయోగించవలసినది. నీచం ఉరస్థానంలో పుట్టే తగ్గుస్థాయి పలుకు. అది ఉపయోగపడే సందర్భాల్లో సహజసంభాషణ ఒకటి. చాటింపునుంచి నేటి ప్రకటనవరకు వాణిజ్యవాచికం నడిచిన దారిని ఉచ్చంనుంచి నీచానికి జరిగిన ప్రయాణంగా చెప్పవచ్చు. వీధిలో నలుగురికి వినిపించాలంటే గొంతెత్తక తప్పదు. మైక్రోఫోను వచ్చాక గొంతెత్తవలసిన అవసరం పోయింది. పక్కన కూర్చొని మాట్లాడినట్లు చెప్పినా లక్షలమందికి చేరుతుంది. వినియోగదారుడితో ఆత్మీయత అని నేటి ప్రకటనరంగం చెప్పుకొనేది ఈ స్థాయిభేదంనుంచి పుట్టినదే.

కాకువు సంగతి కూడా ఇటువంటిదే. వాక్యార్థం ఇంకా పూర్తికాలేదని తెలిపే పలుకు సాకాంక్షం, పూర్తయిందని తెలిపేది నిరాకాంక్షం. ప్రకటనలో వస్తువు పేరుకు ముందు గొంతు సాకాంక్షంగా ఆగి, పేరు దగ్గర నిరాకాంక్షంగా దిగుతుంది. ఇది రాతప్రతిలో కనిపించదు. పలికినవారి సొంతపని అది.

3. చాటింపు, అంగడికేక: వీధిలోని గొంతు

క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వినోదాలు, విన్న పాటలు, పూటకూటి ఇళ్లు కాకతీయనగర జీవితానికి సాక్ష్యాలు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఇటువంటి కావ్యాధారాలతోనే సామాన్యుల జీవితాన్ని పునర్నిర్మించారు. వీధిశబ్దం సాంఘికచరిత్రకు ఆధారం కాగలదని నిరూపించిన మార్గం అది. అదే మార్గంలో చాటింపును, అంగడికేకను పరిశీలించవచ్చు.

చాటింపు, దండోరా, టముకు అనే మాటలు ప్రాంతాన్నిబట్టి, వాద్యాన్నిబట్టి వాడుకలో ఉన్నవి. గ్రామాధికారి ఆజ్ఞ, శిస్తు గడువు, జాతర తేదీ, తప్పిపోయిన పశువు - ఏదైనా సరే డప్పు మోగించి ఊరంతా చెప్పే బాధ్యత ఎక్కువగా మాదిగ కులంవారిపై ఉండేది. ‘ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా’ అనే చాటింపు మూసను గమనిస్తే అందులో ఉత్తమపురుష లేదు. ‘నేను చెబుతున్నాను’ అనడానికి వ్యాకరణం చోటివ్వదు. ‘తెలియజేయునది’ అనే క్రియాజన్యనామం కర్తను పూర్తిగా దాచివేస్తుంది. మాట అధికారిది, గొంతు చాటింపుదారుది, పేరు ఎవరిదీ కాదు. ఆ గొంతు లేకుండా ఊరికి వార్త చేరదు. అయినా ఆ గొంతుకు ఊరి మధ్యలో నిలబడే హోదా లేదు.

ఈ సందర్భంలో ఒక చారిత్రకపరిణామాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. 1994 జూలై 7న ప్రకాశంజిల్లా ఈదుమూడిలో ఆరంభమైన మాదిగ రిజర్వేషన్ పోరాటసమితి ఉద్యమం ‘మాదిగ దండోరా’గా ప్రసిద్ధి పొందింది. తరతరాలుగా ఇతరుల మాటను చాటినవారు అదే పనిముట్టుతో, అదే పదంతో తమ మాటను తాము చాటుకున్నారు. దండోరాకు అంతవరకు లేని ఉత్తమపురుష అక్కడ లభించింది. గొంతుకూ పేరుకూ తెగిన సంబంధాన్ని తిరిగి కలిపిన ఘటనగా దీన్ని వాచికచరిత్రలోనూ చేర్చుకోవాలి.

అంగడికేక దీనికి భిన్నం. గంపలో ఆకుకూరలో చేపలో పెట్టుకొని వీధివెంట వచ్చేవారి కేకలో మాట, గొంతు, సరుకు మూడూ ఒకరివే. ‘అమ్మా’ అనే పిలుపుతో మొదలై, చివరి అచ్చును సాగదీస్తూ ముగిసే ఆ కేకను ఇంట్లోవారు మాటలు స్పష్టంగా వినబడకపోయినా గుర్తుపట్టేవారు. రోజూ వచ్చే మనిషి రాకపోతే ఆ రోజు కేకలోని తేడా తెలిసిపోయేది. సంస్థలు నేడు లక్షలు వెచ్చించి సాధించాలనుకునే శ్రవణపరిచయం వీధి అమ్మకందారుకు రోజువారీ తిరుగుడుద్వారా సహజంగానే సమకూరింది. ఇప్పుడు అదే కేకను రికార్డుచేసి స్పీకరులో వినిపిస్తున్నారు. బండి నడిపే మనిషి గొంతు విశ్రాంతి పొందింది, నిజమే. కాని ఒకరు పలికిన కేక అనేక బండ్లపై తిరుగుతున్నది. పలికినవారు ఎవరో బండి నడిపేవారికే తెలియదు.

4. గ్రామఫోను, ఆకాశవాణి: పేరు చెప్పుకున్న గొంతు

గొంతు మనిషినుంచి విడివడి వస్తువుగా మారిన తొలి సందర్భం గ్రామఫోను. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డుచేసిన గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరును ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి. అక్కడి సాంకేతికులు పాట ఎవరిదో పోల్చుకోవడానికి ఆ ప్రకటన అవసరమైందని చెబుతారు. కారణం ఏదైనా, గొంతు దూరప్రయాణం చేసే మొదటిరోజుల్లోనే దానితోపాటు పేరు కూడా ప్రయాణించవలసివచ్చింది. ఆ కాలపు మరో చిహ్నం కూడా గమనార్హం. గ్రామఫోను బాకా ముందు కూర్చొని యజమాని గొంతు వింటున్న కుక్క బొమ్మ ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ సంస్థకు ముద్ర అయింది. గొంతును గుర్తుపట్టడం అనే సహజగుణమే అక్కడ వ్యాపారచిహ్నంగా మారింది.

మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న ప్రారంభమయ్యాయి. నిజాం రాజ్యంలోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో విలీనమైంది. వీటిద్వారా తెలుగులో మొదటిసారిగా ‘మాట్లాడటం’ అనేది ఒక ఉద్యోగం అయింది. ఆకాశవాణి తనకంటూ ఒక ధ్వనిచిహ్నాన్ని కూడా ఏర్పరచుకొంది. ఉదయప్రసారానికి ముందు వినిపించే సంకేతవాద్యాన్ని ఐరోపానుంచి ఆశ్రయం కోరి భారతదేశానికి వచ్చిన వాల్టర్ కౌఫ్‌మన్ స్వరపరచినట్లు ప్రసిద్ధి. ప్రకటనలు ప్రసారం చేయని రోజుల్లోనే రేడియో తన్ను తాను శబ్దంతో గుర్తుపట్టించుకొంది.

వార్తాప్రసారంలో గొంతుకూ పేరుకూ మధ్య సంబంధం దృఢపడింది. ‘వార్తలు చదువుతున్నది’ అని ఆరంభించి చదివేవారి పేరుతో ముగిసే వాక్యాన్ని చాటింపు మూసతో పోల్చి చూడాలి. రెండింటిలోనూ క్రియాజన్యనామమే ఉంది. అయితే చాటింపులో దాని తర్వాత ఆజ్ఞ వస్తుంది, వార్తలో మనిషి పేరు వస్తుంది. అదే వ్యాకరణంలో పేరుకు చోటు దొరికింది. ఏడిద గోపాలరావు వంటివారు ఆ వాక్యంద్వారానే ఇంటింటికీ పరిచితులయ్యారు. ఢిల్లీలో తెలుగువార్తలు చదివిన కొంగర జగ్గయ్య తర్వాత చలనచిత్రనటుడై ‘కంచుకంఠం’ అనే విశేషణాన్ని పొందారు. శివాజీ గణేశన్‌కు తెలుగులో గొంతునిచ్చిందీ ఆయనే.

వార్తలు చదివేవారు పేరు చెప్పుకోవడం వెనుక ఒక యుద్ధకాలపు అనుభవం ఉంది. బీబీసీలో అంతకుముందు వార్తలు చదివేవారి పేర్లు చెప్పే అలవాటు లేదు. 1940లో శత్రువులు నకిలీ ప్రసారాలు చేయవచ్చన్న అనుమానంతో, శ్రోతలు నిజమైన గొంతులను గుర్తుపట్టగలగాలని పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. గొంతుకు పేరు జతచేయడం అక్కడ గౌరవం కోసం జరిగినది కాదు, ప్రామాణ్యం కోసం జరిగినది. ఈ విషయాన్ని ఎనిమిదో భాగంలో తిరిగి ప్రస్తావిస్తాను.

బాలల కార్యక్రమాలద్వారా ‘రేడియో అన్నయ్య’గా న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’గా న్యాయపతి కామేశ్వరి పొందిన ఆదరణ మరొక నమూనా. కనిపించని మనిషిని శ్రోత తన కుటుంబంలోకి చేర్చుకోవడానికి తెలుగుభాషలోని వరుసపిలుపు తోడ్పడింది. వీధి అమ్మకందారు ‘అమ్మా’ అన్నప్పుడు జరిగినదే ఇక్కడ విస్తృతస్థాయిలో జరిగింది. శ్రోతతో బంధం గొంతు మాధుర్యంవల్ల మాత్రమే ఏర్పడదు, సంబోధన కుదరాలి. నేటి ప్రకటనరచయితలు ‘మీరు’, ‘నువ్వు’ల మధ్య, ప్రామాణికభాషకూ మాండలికానికీ మధ్య చేసే ఎంపికలకు ఇది పూర్వరూపం.

5. వ్యాపారప్రసారం: పేరు కోల్పోయిన గొంతు

1952నుంచి సమాచార, ప్రసారశాఖ నిర్వహించిన బి.వి. కేస్కర్ కాలంలో ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు తగ్గింది. ఆ ఖాళీని రేడియో సిలోన్ పూరించింది. 1952 డిసెంబర్ 3న ఆరంభమైన బినాకా గీతమాలకు ఒక టూత్‌పేస్టు సంస్థ ప్రాయోజకత్వం ఉండేది. వ్యాఖ్యాత అమీన్ సయానీ గొంతు, సంస్థ పేరు విడదీయరానంతగా కలిసిపోయాయి. అయినా సయానీ పేరు మరుగునపడలేదు. ప్రాయోజిత కార్యక్రమంలో వ్యాఖ్యాతకు పేరు చెప్పుకొనే వ్యవధి ఉండటమే ఇందుకు కారణం. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాలద్వారా మీనాక్షి పొన్నుదురై పేరు తెలుగుశ్రోతల జ్ఞాపకంలో మిగలడానికీ ఇదే కారణం.

1957 అక్టోబర్ 3న ఆరంభమైన వివిధభారతిలో 1967 నవంబర్ 1న బొంబాయి, పూణె, నాగపూర్ కేంద్రాలనుంచి ప్రకటనల ప్రసారం మొదలై, క్రమంగా ఇతర కేంద్రాలకు విస్తరించింది. 1976 జనవరి 1నుంచి దూరదర్శన్ కూడా ప్రకటనలను స్వీకరించింది. దీనితో వాణిజ్యవాచికానికి కొత్తరూపం వచ్చింది. పది, ఇరవై, ముప్పై సెకన్ల ప్రకటనలో సంస్థ పేరు రెండు మూడుసార్లు వస్తుంది. పలికేవారి పేరు ఒక్కసారి చెప్పడానికీ వ్యవధి ఉండదు. ఒకే కేంద్రంనుంచి, కొన్ని నిమిషాల తేడాతో, వార్త చదివే గొంతుకు పేరు ఉండేది, సబ్బును పొగిడే గొంతుకు పేరు ఉండేది కాదు. ఈ భేదం కళాభేదం కాదు. కాలానికి ధర కట్టే పద్ధతినుంచి పుట్టిన భేదం.

తెలుగుప్రకటనలో మరొక ప్రత్యేకసమస్య ఉంది. జాతీయస్థాయి ప్రకటనలు ఎక్కువగా హిందీలోనో ఇంగ్లీషులోనో తయారై తెలుగులోకి అనువాదమవుతాయి. ప్రత్యయాలు ధాతువుకు, నామానికి చేరుతూ పొడవయ్యే తెలుగుమాట హిందీమాటకంటే తరచు ఎక్కువ అక్షరాలు తీసుకొంటుంది. మూలంలోని ముప్పై సెకన్లు మాత్రం మారవు. అందువల్ల తెలుగుకళాకారుడు అదే భావాన్ని ద్రుతంగా పలుకుతూనే విలంబితంగా పలికినట్లు భ్రమ కల్పించాలి. సంస్థ పేరు దగ్గర మాత్రం తొందర కనిపించకూడదు. మైక్రోఫోను ముందు నిలబడి, ఊపిరి శబ్దం వినబడకుండా, ఒకే వాక్యాన్ని పదిరకాలుగా పలికి దర్శకుడికి వినిపించడం ఈ వృత్తిలో నిత్యకృత్యం. మంచి గొంతు ఉంటే చాలునన్న అభిప్రాయం సరికాదని ఈ వృత్తిలోకి ప్రవేశించినవారు మొదట తెలుసుకొనే విషయం. ఉచ్చారణ, శ్వాసనియంత్రణ, పాఠాన్ని అర్థంచేసుకొనే భాషాజ్ఞానం గొంతుకంటే ముందు వస్తాయి.

ఇదే కాలంలో మాటలేని ధ్వనిచిహ్నాలు కూడా బలపడ్డాయి. గడియారాల సంస్థ టైటాన్ మొజార్ట్ ఇరవై అయిదో సింఫనీలోని వరుసను స్వీకరించింది. ఎయిర్‌టెల్ కోసం ఎ.ఆర్. రెహమాన్ చేసిన బాణీ 2002నుంచి దేశమంతా వినిపించింది. ఈ రెండింటిలో స్వరకర్త పేరు సంస్థ ప్రతిష్ఠను పెంచింది గనుక దాన్ని చెప్పుకొన్నారు. పలికినవారి పేరు విషయంలో అటువంటి అవసరం కనిపించలేదు.

6. గాత్రదానం: అరువు గొంతు

వాణిజ్యవాచికంలో స్థిరపడిన అనేకులు అనువాదచిత్రాల రంగంలోనూ పనిచేస్తారు గనుక దాన్నీ పరిశీలించాలి. హిందీచిత్రాన్ని తెలుగులోకి మార్చిన ‘ఆహుతి’ 1950లో విడుదలైంది. దానికి మాటలు, పాటలు శ్రీశ్రీ రాశారు. ఆ తర్వాత అనువాదచిత్రరచన శ్రీశ్రీకి, ఆరుద్రకు ముఖ్యమైన వ్యాసంగమైంది. పెదవికదలికకు మాట కుదర్చడంలో ప-వర్గాక్షరాలు ప్రధానసమస్య. తెరపై పెదవులు కలిసినచోట ప, బ, మ వంటి అక్షరం పడకపోతే మాట అతకదు. తెలుగు అజంతభాష కావడం మరొక చిక్కు. హల్లుతో ముగిసే మూలభాషలోని మాటకు నోరు మూతపడితే, అచ్చుతో ముగిసే తెలుగుమాట ఇంకా సాగుతూ ఉంటుంది. రచయిత సగం పరిష్కరించిన ఈ చిక్కును మిగతా సగం గొంతునిచ్చేవారు పరిష్కరిస్తారు.

ఈ పనిని తెలుగులో రెండు మాటలతో సూచిస్తున్నాం. ఒకటి ‘గాత్రదానం’, రెండోది ‘అరువు గొంతు’. ఒకటి దానం, మరొకటి అప్పు. కూలి తీసుకొని చేసిన శ్రమను ఈ రెండు మాటలూ సూచించవు. దానమిచ్చినదానిపై దాతకు హక్కు ఉండదు. అరువు తీసుకున్నది తిరిగి ఇవ్వాలి గాని, గొంతు విషయంలో అది జరగదు. వృత్తిని సూచించే పదమే వృత్తిహక్కును మరుగుపరచిందనడానికి ఇది భాషాపరమైన సాక్ష్యం.

అయినా వాణిజ్యప్రకటనతో పోలిస్తే ఈ రంగంలో పేరు కొంత దక్కింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కమల్‌హాసన్‌కు అనేక చిత్రాల్లో గొంతునిచ్చారు. 1997నాటి ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరుడి పాత్ర ధరించిన సుమన్‌కు గొంతునిచ్చి నంది పురస్కారం పొందారు. పి.జె. శర్మ, ఆయన కుమారుడు సాయికుమార్, రోజారమణి, సరిత మొదలైనవారి గొంతులను ప్రేక్షకులు పేరుతోసహా గుర్తుపట్టారు. పురస్కారం, టైటిల్ కార్డు, పత్రికల పరిచయం - ఈ మూడింటివల్ల పేరు నిలిచింది. అయితే వీరిలో ఎక్కువమంది తెరపై గాని, పాటలో గాని అప్పటికే పేరు గలవారు. గొంతు ఒక్కటే జీవనాధారంగా గలవారి పరిస్థితి ఇంతకంటే వేరు.

7. చట్టంలో గొంతు

అమెరికాలో ఎన్‌బీసీ రేడియోసంస్థ మూడుస్వరాల గంట 1950లో ధ్వనిచిహ్నంగా నమోదైంది. మనదేశంలో యాహూ సంస్థ పిలుపు 2008లో నమోదైంది. భారతీయసంస్థల్లో ఐసీఐసీఐ బ్యాంకు బాణీ 2011లో నమోదైంది. 2017నాటి వాణిజ్యచిహ్నాల నియమావళి ధ్వనిచిహ్నానికి స్పష్టమైన విధానాన్ని ఏర్పరచింది. ముప్పై సెకన్లకు మించని ఎంపీ3 రికార్డును, దాని స్వరలిపిని సమర్పించాలి. నమోదు పదేళ్లపాటు చెల్లుతుంది. రుసుము చెల్లిస్తూ ఎన్నిసార్లైనా పునరుద్ధరించుకోవచ్చు.

పలికినవారి హక్కు వేరే చట్టంలో ఉంది. 1957నాటి కాపీరైటు చట్టానికి 1994, 2012 సవరణలద్వారా ప్రదర్శకుల హక్కులు చేరి విస్తరించాయి. నటులు, గాయకులు, వాద్యకారులు మొదలుకొని గారడీవారు, పాములాడించేవారు, ఉపన్యాసకులవరకు, ప్రదర్శన ఇచ్చే మరెవరైనా ప్రదర్శకులేనని నిర్వచనం చెబుతుంది. ఈ హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. అంటే గుర్తుకు కాలపరిమితి ఆచరణలో లేదు, గొంతుకు ఉంది.

అంతకంటే ముఖ్యమైనవి ఆ చట్టంలోని రెండు మినహాయింపులు. 2012 సవరణ నిర్వచనానికి ఒక షరతు చేర్చింది. చలనచిత్రంలో యాదృచ్ఛికంగానో ప్రాసంగికంగానో పాల్గొని, పరిశ్రమ ఆచారంప్రకారం ఎక్కడా పేరు వేయనివారిని, తమ ప్రదర్శన వికృతీకరణను అడ్డుకొనే హక్కు విషయంలో తప్ప, ప్రదర్శకులుగా పరిగణించరాదన్నది ఆ షరతు. ఇక సెక్షన్ 38-బి ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకొనే హక్కునిస్తూ, ప్రదర్శనను ఉపయోగించే తీరువల్ల పేరు వదలక తప్పని సందర్భాన్ని మినహాయించింది. ముప్పై సెకన్ల ప్రకటనకు ఈ మినహాయింపును అన్వయించడం ఎంత సులభమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రెండింటినీ కలిపి చదివితే ఒక చక్రం కనిపిస్తుంది. ఆచారం పేరు వేయలేదు. పేరు వేయని ఆచారాన్ని చట్టం ఒక ప్రమాణంగా స్వీకరించింది. ఆ ప్రమాణంవల్ల పేరు అడిగే హక్కు బలహీనమైంది. ప్రకటనలో ప్రధానవాచికాన్ని పలికినవారి పని ప్రాసంగికం కాదని వాదించవచ్చు; అలా వాదించాలనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే వాదించవలసిన భారం పేరులేని వ్యక్తిపైనే పడుతున్నది.

8. కృత్రిమగళం: పాత ప్రశ్నకు కొత్త తీవ్రత

అమెరికాలో ఫోర్డ్ సంస్థ ప్రకటనకు గాయని బెట్ మిడ్లర్ పాడటానికి అంగీకరించకపోతే, ఆమె బృందంలో పనిచేసిన మరొక గాయనిచేత ఆమెలాగే పాడించారు. ప్రసిద్ధురాలైన గాయని విలక్షణమైన గొంతును వ్యాపారానికై అనుకరించడం తప్పని 1988లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. మనదేశంలో 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నటుడు అనిల్ కపూర్‌కు, 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్‌కు అనుకూలంగా ఇచ్చిన ఉత్తర్వుల్లో గొంతుకు కూడా రక్షణ కల్పించాయి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మరణానంతరం ఆయన గొంతును కృత్రిమమేధతో పునఃసృష్టించి ఒక తెలుగుచిత్రంలో వాడారంటూ కుటుంబసభ్యులు చట్టపరమైన నోటీసు పంపినట్లు 2024 ఆరంభంలో వార్తలు వచ్చాయి.

ఈ ఉదాహరణలన్నింటిలో రక్షణ కోరినవారు ప్రసిద్ధులు. గొంతు వినగానే మనిషి గుర్తుకువస్తాడన్నదే వారి వాదానికి మూలం. ప్రకటనకళాకారుడి గొంతు వినగానే గుర్తుకువచ్చేది సంస్థ. అతడి గొంతును నకలుచేసి మరొక వస్తువుకు వాడితే, అది తనదేనని నిరూపించడానికి సాక్ష్యంగా నిలిచే ప్రజాపరిచయం అతడికి లేదు. ఒకసారి రికార్డయిన గంటల నిడివి గల వాచికం యంత్రాన్ని శిక్షితం చేయడానికి సరిపోతుంది. ఆ తర్వాత మనిషిని మళ్లీ పిలవనక్కరలేదు. వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు ఒప్పందపత్రంలో ఉపయోగవ్యవధి, మాధ్యమం, కృత్రిమగళ నిర్మాణానికి అనుమతి ఉందా లేదా అన్న మూడింటిని రాతపూర్వకంగా అడగడం ఇందువల్లనే అవసరం.

ఇక్కడ ధ్వన్యనుకరణకళను పోల్చి చూడటం ఉపయుక్తం. వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ ఆ కళకు శాస్త్రీయగౌరవం తెచ్చారు. ధ్వన్యనుకరణ కళాకారుడు ఎవరి గొంతును అనుకరిస్తున్నాడో ప్రేక్షకులకు తెలిసేట్లే అనుకరిస్తాడు. పేరు తెలియకపోతే ఆ కళకు రక్తి లేదు. అనుకరణ తప్పు కాదు, పేరు దాచిన అనుకరణ తప్పు. 1940లో బీబీసీ శ్రోతలకు పేర్లు చెప్పడం వెనుక ఉన్న తర్కం ఇదే. నకలు సాధ్యమైన కాలంలో గొంతుకు పేరు జతచేయడం కళాకారుడి అవసరమే కాదు, వినేవారి అవసరం కూడా.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. వాణిజ్యవాచికం ప్రకటనసంస్థలతో పుట్టినది కాదు. చాటింపు, అంగడికేక దానికి తెలుగునాట ఉన్న పూర్వరూపాలు. మైక్రోఫోను దాన్ని ఉచ్చంనుంచి నీచానికి, కేకనుంచి సంభాషణకు తెచ్చింది.

2. గొంతుకు పేరు ఉండటం, లేకపోవడం నైపుణ్యాన్నిబట్టి జరగలేదు. చాటింపులో సామాజికహోదా, ప్రకటనలో కాలానికి కట్టిన ధర దాన్ని నిర్ణయించాయి.

3. చాటింపు, వార్త అనే రెండు మూసల వాక్యనిర్మాణం ఒకటే అయినా, పేరుకు చోటివ్వడంలో అవి భిన్నమైనవి. ‘గాత్రదానం’, ‘అరువు గొంతు’ అనే మాటలు శ్రమను దానంగా, అప్పుగా చూపి హక్కును మరుగుపరచాయి.

4. ధ్వనిచిహ్నానికి పునరుద్ధరించుకోగల రక్షణ ఉంది. పలికినవారి హక్కు పేరు వేసే ఆచారంపై ఆధారపడి బలహీనంగా ఉంది. కృత్రిమగళం ఈ బలహీనతను బహిర్గతం చేసింది.

పరిశోధకులు చేయదగిన పని ఒకటి మిగిలి ఉంది. వయసుపైబడిన వ్యాఖ్యాతల, ప్రకటనకళాకారుల, అనువాదచిత్ర వాచికకారుల అనుభవాలను మౌఖికచరిత్రగా నమోదు చేయాలి. వారు పలికిన పాఠాల ప్రతులను, దొరికినంతవరకు రికార్డులను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు సేకరించాలి. ఏ ప్రకటనకు ఎవరు గొంతునిచ్చారో తెలిపే జాబితా ఒకటి తెలుగులో తయారైతే అది సాహిత్యచరిత్రకు ఆధారంగా నిలుస్తుంది. రేపు ఒక గొంతు తనదేనని చెప్పుకోవలసివచ్చినవారికి సాక్ష్యంగానూ ఉపయోగపడుతుంది.